నా చేతికి ఎర్ర పట్టీ

మా రూములో ఆరుగురికి కలిపి ఒక ఇస్త్రీపెట్టె, ఒక నెయిల్ కట్టర్, చక్రాలు సరిగ్గా తిరిగే సూట్‌కేసు ఒకటి ఉండేవి. ఎవరు సెలవు మీద ఇంటికి బయలుదేరితే సూట్‌కేసు వాళ్ళతో వెళ్ళి వాళ్ళతోనే తిరిగొచ్చేది. ఒకరి జ్వరం బిళ్ళలు ఇంకొకరు మింగేవాళ్ళు. ఒకరి కళ్ళజోడు పెట్టుకుని ఇంకొకరు ఇంటి నుంచి వచ్చిన ఫోటోలు చూసుకునేవాళ్ళు. "ఇది నాది" అన్నవాడు ఆ రూములో మర్యాదగా బతకలేడు. ఖతర్‌లోని మెసయీద్‌లో మా కంపెనీ క్యాంపు మొత్తం ఇంతే. అందుకే నా ఇన్సూరెన్స్ కార్డు ఇంకొకరి చేతిలో పెట్టిన రోజు నేనేదో తప్పు చేస్తున్నానని నాకు తోచలేదు. ఇప్పుడు అది గుర్తొస్తే ముందు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. మిగతా వాళ్ళ మీద కోపం ఆ తర్వాత వస్తుంది, అదీ తక్కువేం కాదు.

నేను అక్కడ టైమ్‌కీపర్‌ని. ఫ్యాక్టరీల్లో మరమ్మతు పనులకు మనుషుల్ని పంపే కంపెనీ మాది. పొద్దున బస్సు ఎవరెక్కారు, ఎవరు ఎక్కలేదు, సాయంత్రానికి ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు అని షీట్ల మీద టిక్కులు పెట్టడం నా డ్యూటీ. డిగ్రీ చదివినవాణ్ణి, ఇంగ్లీషు చదవగలను, హిందీ మాట్లాడగలను కాబట్టి ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి తోడు వెళ్ళే పని కూడా నా మెడకే చుట్టుకుంది.

నా కార్డు తీసుకున్నతను మా జగిత్యాల వైపు మనిషే, మా పక్క ఊరు, క్యాంపులో మా రూములోకే వచ్చాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. వచ్చి మూడు వారాలైనా కాలేదు, గొంతు వాచి నీళ్ళు కూడా మింగలేకపోయాడు. అతనికి ఇంకా ఖతర్ ఐడీ చేతికి రాలేదు, ఐడీ లేనిదే ఇన్సూరెన్స్ కార్డు రాదు. పైగా ఐడీ రాకముందు జబ్బు పడితే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారని మా క్యాంపులో ఒక మాట ఉండేది. అలా ఎవరిని పంపారో చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా అందరం నమ్మేవాళ్ళం.

"ఏం గాదు తమ్మీ, నా కార్డు తీస్కపో" అన్నాను. కార్డు మీద ఫోటో లేదు, పేరూ నంబరూ మాత్రమే ఉన్నాయి. ఆ కార్డు చెల్లే పెద్ద ఆసుపత్రికి దోహాలో, మన్సూరా అనే పేటలో, ఒక చిన్న క్లినిక్ ఉంది, రెండింటికీ కంప్యూటర్ రికార్డు ఒకటే. శుక్రవారం నాకు డ్యూటీ పడింది, అతనొక్కడే బస్సెక్కాడు. నా పేరు, నా పుట్టిన తేదీ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాడట.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి. ఏమైందంటే మంచం మీద కూర్చుని చెప్పాడు. "బిళ్ళలిస్త అన్నడన్నా డాక్టర్, మన తెలుగాయననే. నేనే సూది ఏయమని బతిమిలాడిన. సూది ఏస్తెనే గదా తగ్గేది. ఏసిన పది నిమిషాలకే ఒళ్ళంత దద్దుర్లు లేసినయి, పెదవులు గింత లావైనయి, దమ్ము ఆడలే. ఇంకో సూది ఏసి రెండు గంటలు పండవెట్టిన్రు."

జేబులోంచి ఒక చీటీ తీసిచ్చాడు. ఈ రోగికి పెన్సిలిన్ జాతి మందు ఇవ్వకూడదని డాక్టర్ ఇంగ్లీషులో రాశాడు. చీటీ పైన నా పేరు, నా నంబరు.

"కంప్యూటర్ల గూడ ఎక్కిచ్చిండన్నా. ఇగ నీకు ఆ సూది ఎవ్వడు ఎయ్యడు" అన్నాడు, అంత వాపులోనూ నవ్వుతూ. రూములో అందరం నవ్వాం. నేను చీటీని మడిచి పర్సులో కార్డు వెనకాల పెట్టుకున్నాను. నాకు పోయేదేముంది అనుకున్నాను. ఆ మందు పడనిది అతనికైతే, ఆ సంగతి రాసింది నా పేరు మీద కదా అని నాకు తట్టలేదు. రోజూ ఎవరి గంటలు ఎవరి పేరు మీద పడ్డాయో చూసుకునేవాణ్ణి, నాకు తట్టలేదు.

నెలన్నరకు అతని ఐడీ వచ్చింది, సొంత కార్డూ వచ్చింది. అందరం ఆ సంగతి మరిచిపోయాం.

ఏడెనిమిది నెలల తర్వాత పనిలో ఇనుప రేకు తగిలి అతని పిక్క మీద గీసుకుంది. పసుపు అద్దుకుని డ్యూటీకి వెళ్ళాడు. నాలుగో రోజుకి కాలు మోకాలి దాకా ఎర్రగా ఉబ్బి, జ్వరంతో ఒళ్ళు పేలిపోతోంది. కంపెనీ తరఫున ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కాగితాల పనులు చూసే మందూబ్ సాబ్‌కి ఫోన్ చేశాను. ఆయన కరీంనగర్ ముస్లిం, తెలుగూ ఉర్దూ రెండూ గలగలా మాట్లాడతాడు. పొద్దున్నే అల్ తుమామాలోని ఇంటి నుంచి కారేసుకుని వచ్చి మమ్మల్ని దోహాలో ఆ పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చూసిన వెంటనే చేర్చుకున్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కకుండా మందు నరంలోకి ఇవ్వాలన్నారు.

వార్డులో కేరళ నర్సు వచ్చింది. ఆమె ట్రేలో రెండు రకాల చేతి పట్టీలున్నాయి. తెల్లది పేరు రాసి అందరికీ కట్టేది. ఎర్రది ఏదైనా మందు పడని వాళ్ళకు కట్టేది. తెల్లది కట్టి, కంప్యూటర్ వైపు తిరిగి, తెరను చూస్తూనే హిందీలో అడిగింది, "ఏదైనా మందు పడదా? ఇంతకుముందు ఇంజక్షన్‌కి ఏమైనా అయిందా?" అతన్ని అడగలేదు, నన్ను అడిగింది. అతనికి హిందీ రాదు, తోడు వచ్చినవాణ్ణి నేనే కదా.

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో ప్రశ్న నాకు అర్థమైంది. చెప్పాల్నా అన్నా, వద్దా?

నాకూ మందూబ్ సాబ్‌కీ మధ్య ఒక కుర్చీ దూరం ఉంది. ఆయన తల వంచుకుని కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. అయింది అంటే ఎప్పుడు అంటుంది. వచ్చిన కొత్తలో అంటే ఎక్కడ అంటుంది. అప్పుడు నీకు కార్డే లేదు గదా, ఎవరి కార్డు మీద పోయినవ్ అని ఈయన తల ఎత్తుతాడు. అంతా క్షణంలో నా బుర్రలో తిరిగింది.

"ఏం లేదు సిస్టర్" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు ఆ చీటీ నా వెనక జేబులోనే ఉంది.

ఊళ్ళో ఒకసారి ఇట్లా అయిందని చెప్పినా సరిపోయేది. కార్డు ఊసు వచ్చేదే కాదు, ఎవరూ జగిత్యాలకు ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు కాదు. అంత చిన్న అబద్ధం నాకు ఎందుకు దొరకలేదో ఎన్నిసార్లు తలకొట్టుకున్నా తెలియదు. దొరికింది పెద్దదే. నర్సు ఒక మీట నొక్కింది, ట్రేలో ఎర్ర పట్టీలు ట్రేలోనే ఉండిపోయాయి.

గంట తర్వాత మందు బాటిల్ తగిలించింది. అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. మందూబ్ సాబ్ కిందికి వెళ్ళాడు కూడా. కానీ ఆ మందు పేరు ఆ చీటీలోని పేరు కాదు, ఇది వేరేదేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చీటీలో 'జాతి' అని ఎందుకు రాస్తారో ఆలోచించే ధైర్యం చేయలేదు.

చుక్కలు మొదలైన కాసేపటికే అరచేతులు గోక్కున్నాడు. "దురద వెడుతున్నదన్నా" అన్నాడు. తర్వాత దగ్గాడు. "గొంతుల ఏదో అడ్డం వడ్డది" అన్నాడు. మూడో మాట బయటికి రాలేదు. పెదవులు నా కళ్ళ ముందే ఉబ్బిపోతున్నాయి. సిస్టర్ అని ఎంత గట్టిగా అరిచానో, పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు.

ఆమె పరుగున వచ్చి మందు ఆపేసింది, గంట నొక్కింది, గోడ పక్కనున్న ఎమర్జెన్సీ బండిని లాక్కొచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే మందులన్నీ ఆ బండిలోనే ఉండాలి. పై సొరుగు తీసింది. రెండోది తీసింది. మళ్ళీ పైది తీసింది. ఆమెకు కావలసిన సూదిమందు అందులో లేదు. ఆమె ముఖంలో రక్తం ఇంకిపోవడం చూశాను. పక్క వార్డుకు పరుగెత్తింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఎన్ని నిమిషాలైందో చెప్పలేను. నిమిషాలు రాసి బతికేవాణ్ణి, ఆ రోజు గడియారం చూడలేదు. నేను చూసింది ఇంకొకటి. బండి పక్కన క్లిప్పుకి ఒక షీటు వేలాడుతోంది. బండిలో మందులన్నీ ఉన్నాయని రోజూ చూసి టిక్కు పెట్టి సంతకం చేసే షీటు. వారం రోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో పెట్టి ఉన్నాయి. అలాంటి షీటును నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. పనెక్కువైన వారాల్లో నేనూ అలా పెట్టినవాణ్ణే. ఆ రోజు టిక్కు ఉంది. మర్నాటి టిక్కు కూడా అప్పుడే పెట్టేసి ఉంది.

అతను మంచం మీద నీలంగా మారుతున్నాడు, షీటులో రేపటికి కూడా అంతా సవ్యంగా ఉంది.

డాక్టర్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు, నర్సూ మందుతో వచ్చి తొడలో సూది గుచ్చింది. అప్పుడు, అన్నీ అయిపోయాక, నాకు నోరొచ్చింది. "ఇతనికి పెన్సిలిన్ పడదు సార్, ఇదివరకు కూడా అయింది" అని పర్సులోంచి చీటీ తీసి చాచాను. ఒక డాక్టర్ చీటీలోని పేరు చూశాడు, మంచం మీది మనిషి చేతి పట్టీలోని పేరు చూశాడు. "ఇది ఇతనిది కాదు" అని దాన్ని నా చేతిలో కుక్కి నన్ను బయటికి నెట్టించాడు.

నిజం చెప్పినా ఎవరికీ పనికిరాకుండా నేనే చేసుకున్నాను.

అతని గొంతులోకి గొట్టం వేసి ఐసీయూకి తీసుకెళ్ళారు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. ఆ సాయంత్రం అతని ఫోన్ నా జేబులో మోగింది. వాళ్ళ అక్క. గల్ఫ్ దేశం ఏదైనా ఆమెకు దుబాయే.

"తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడేంది?"

"కాలుకు దెబ్బ తాకిందక్కా. దవాఖానల ఉన్నడు. మందిస్తున్నరు."

"దుబాయ్ దవాఖాననా? అయితే రంది లేదు తియ్యి. ఈడ మా ఆర్‌ఎంపీ అయితే ఏ సూది ఏస్తుండో ఆయనకే ఎరుకుండది. ఆడ అన్ని కంప్యూటర్లే చూస్కుంటయట గదా."

"అవునక్కా" అన్నాను. ఆమె పిల్లల చదువుల గురించి ఇంకా ఏదో చెప్పింది, నాకు చెవికెక్కలేదు.

మూడో రోజు గొట్టం తీశారు. నన్ను ఐదు నిమిషాలు లోపలికి రానిచ్చారు. మెదడుకు ఏమీ కాలేదు, అదృష్టవంతుడు అని డాక్టర్ అన్నాడు. అతను కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొంతు గీరుకుపోయి ఉంది.

"అన్నా, కార్డు ముచ్చట చెప్పినవా?"

నేను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"చెప్పకు. నీ నౌకరి వోతది" అన్నాడు.

చావు దాకా వెళ్ళొచ్చినవాడు లేవగానే అన్న మొదటి మాట అది. కాలి గురించి కాదు, పిల్లల గురించి కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

నాలుగు రోజుల తర్వాత విచారణ అని పిలిచారు. రోగుల భద్రత చూసే విభాగమట, ఫైలుతో ఒక మేడమ్, పక్కన ఇద్దరు మగవాళ్ళు. మందూబ్ సాబ్ కంపెనీ తరఫున వచ్చాడు. కేరళ నర్సు బల్ల చివర కూర్చుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మేడమ్ ఇంగ్లీషులో చదువుకుంటూ పోతుంటే నాకు సంగతి అర్థమైంది. మందు పడదా అని నర్సు సరిగ్గా అడగలేదని వాళ్ళ అనుమానం. నేను గమ్మున కూర్చుంటే ఆమె పని అయిపోతుంది, నా కార్డు సంగతి పర్సులోనే సమాధి అవుతుంది.

"ఆమె అడిగింది. నేనే లేదన్నాను" అని చీటీ తీసి బల్ల మీద పెట్టాను. మన్సూరా క్లినిక్ సంగతి మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ మందూబ్ సాబ్ వైపు చూడలేదు.

ఆయన ఆ చీటీ అందుకుని చదివాడు. "ఏందయ్యా ఇది" అన్నాడు మెల్లగా. "ఐడీ రాకముందు బీమార్ వడ్డోళ్ళను నేను ఎంతమందిని తీస్కపోయిన్నో ఎరుకేనా? ఒక్క కాగితం, ఒక్క సంతకం, గంతే. ఎవ్వన్నీ వాపస్ పంపలే. నాకు చెప్పొద్దా?"

దేనికి భయపడి అతని ప్రాణం పణంగా పెట్టానో అది అసలు లేనే లేదు. ఆరు మంచాల మధ్య మాకు మేమే అల్లుకున్న మాట అది.

అయినా అక్కడితో ఊరుకోలేదు. నా తప్పు నేను ఒప్పుకున్నాను, మరి ఆ బండి సంగతేమిటి అని అడిగాను. మందు లేదు, షీటులో మాత్రం మర్నాటి టిక్కు కూడా ఉందని చెప్పాను. మేడమ్ ఫైలులోంచి ఒక షీటు తీసి నా ముందుకు జరిపింది. అదే వారం, అవే తేదీలు. టిక్కులు ఒక్కో రోజు ఒక్కో పెన్నుతో ఉన్నాయి. ఆ మర్నాటి గడి ఖాళీగా ఉంది.

నేను బిత్తరపోయాను. "నేను చూసింది ఇది కాదు మేడమ్. నేను చేసేదీ ఈ పనే, నాకు తెలుసు" అన్నాను. ఆమె ఏదో రాసుకుంది, ఏం రాసుకుందో తెలియదు. తర్వాత కంపెనీకి వచ్చిన కాగితంలో రోగికి తోడుగా వచ్చిన వ్యక్తి తప్పుడు సమాచారం ఇచ్చాడని ఉంది. అది నిజమే. బండి గురించి ఒక్క ముక్క లేదు. అందరూ నా మీదుగా చేతులు దులుపుకున్నారు, కాదనడానికి నాకు నోరు లేదు. కంపెనీ నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చింది. నౌకరి పోలేదు.

విచారణ గది బయట నర్సు నా కోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. "భయ్యా, ఏ కార్డు, ఎవరి కార్డు అని నేను అడిగేదాన్నే కాదు" అంది హిందీలో. "అవును అని ఉంటే చాలు. పట్టీ కట్టి, వేరే మందు తెచ్చేదాన్ని. అంతే." ఆమె లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నా పేరు మీదున్న ఆ ఎంట్రీని తీసేసి అతని పేరు మీద ఎక్కిస్తామని మేడమ్ మాటిచ్చింది. మా ఇద్దరితో రెండు ఫారాల మీద సంతకాలు పెట్టించుకుంది.

మరుసటి ఏడాది పిత్తాశయంలో రాళ్ళని నాకు ఆపరేషన్ అన్నారు. అదే ఆసుపత్రి, వేరే వార్డు. కొత్త నర్సు తెర చూసి, ఏమీ అడగకుండానే ట్రేలోంచి ఎర్ర పట్టీ తీసి నా మణికట్టుకు చుట్టింది.

"నాకు పడని మందంటూ ఏదీ లేదు సిస్టర్. అది నాది కాదు. సంతకం చేసి ఇచ్చాను" అన్నాను.

"కంప్యూటర్‌లో ఉంది కదా" అంది. ఆమె తప్పేం లేదు, ఉంది కాబట్టే కట్టింది.

నన్ను భయపెట్టింది ఆ పట్టీ కాదు. నాది ఇంకా తీసేయలేదంటే, అతనిది ఎక్కించారా? అడిగితే ఇంకొకరి వివరాలు చెప్పకూడదంది. సాయంత్రం అతను నన్ను చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చోబోతుంటే వద్దని, కార్డు తీసుకుని ముందు కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నీ పేరు మీద ఏముందో అడిగి రమ్మన్నాను. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"ఏం లేదంటున్నరన్నా" అన్నాడు. "ఏ మందైనా ఇయ్యొచ్చు అని ఉన్నదట."

అతను రెండు రోజులు గొట్టంతో ఊపిరి పీల్చిన ఆసుపత్రి అది. ఒక విచారణ, రెండు ఫారాలు, ఒక మాట. నేను మంచం మీద లేచి కూర్చుని, పట్టీ కనిపించేలా చేయి అతని ముందుకు చాచాను.

అతను ఆ చేయి పట్టుకున్నాడు. పట్టీ మీది అక్షరాలు చదవలేడు, కానీ ఆ రంగు దేనికో ఇప్పుడు అతనికి బాగా తెలుసు. దాన్ని వేలితో కొంచెం తిప్పి చూశాడు.

"ఇది నాది గదా అన్నా" అన్నాడు.

మా రూము మనిషి నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. నేను గంట నొక్కి, ఆ విచారణ మేడమ్ వచ్చి మా ఇద్దరి రికార్డులూ సరిచేసేదాకా నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్ళడానికి వీల్లేదని చెప్పాను.